పదకొండా, పన్నెండా

గడియారం ఏడు కొట్టినా ఇంకా చీకటే.
లాత్వియాలో జనవరి అంటే అంతే మరి.
ఊరి నది ఒడ్డు నుంచి ఒడ్డుకి బిగుసుకుపోయింది.
లాండ్రీ వెనక గొట్టం మాత్రం
రాత్రంతా ఉతికిన ఆస్పత్రి దుప్పట్ల వేడినీళ్లు
మా పెరటి కాలువలోకి వదులుతుంది.
అందుకే నా పెరట్లో
చాప పరిచినంత మేర
నీరు ఇంకా నీరే,
సబ్బు వాసనేస్తూ, ఆవిరి కక్కుతూ.

అక్కడికి దిగుతాయి.
ముందు రెక్కల చప్పుడు,
ఎవరో తడి గుడ్డ విదిలించినట్టు.
తర్వాత పొట్టలు నీటిని కోసిన చప్పుడు.
ఆ తర్వాతే కబుర్లు.
విడిదింట్లో దిగిన పెళ్లివారు నయం,
చోటు చాల్లేదని ఒకటి,
ముందు నేనొచ్చానని ఇంకొకటి.

జిప్పులు మార్చి, ప్యాంట్లు పొట్టిచేసి బతికే మనిషిని.
నా కళ్లు కుట్టే చూస్తాయి.
మగబాతు తల సీసా పచ్చ, ఇటు తిరిగితే నీలం,
మెడ చుట్టూ తెల్ల పైపింగు,
ఎక్కడా ఒక్క కుట్టు జారలేదు.
ఆడబాతుది ఎవరో వాడి వదిలేసిన కోటు రంగు.
పాపం అనుకుంటామా,
ఒళ్లు విరుచుకుంటూ రెక్క విప్పుతుంది:
లోపల ఎవరికీ చూపించని
నీలిరంగు లైనింగు!

రొట్టె వేయకూడదట. ఓట్స్ వేస్తాను, గుప్పెడు,
ఇంకో గుప్పెడు,
నా గంజిలోకి తగ్గించుకుని.
లెక్కపెడతాను. పదకొండు.
రోజూ పదకొండే.
నావి, అనుకున్నాను. ఎవరితోనూ అనలేదు గానీ
అనుకున్నాను.

మొన్న జ్వరం వచ్చింది.
మూడు రోజులు మంచం దిగలేదు.
కళ్లు మూస్తే పదకొండు ఖాళీ కడుపులు.
నాలుగోనాడు గోడ పట్టుకుని కిటికీ దగ్గరికి వస్తే
నీళ్ల మీద ఆవిరి ఒక్కటే ఉంది.
మంచులో అడుగులు మాత్రం
మూడు రేకుల ముద్రలు, ఒకదాని మీద ఒకటి,
నేరుగా కంచె దాకా,
కంచె కిందినుంచి
ఆర్విడ్స్ పెరట్లోకి.

తొమ్మిదేళ్లయింది ఆయనా నేనూ మాట్లాడుకుని.
జానెడు నేల గొడవ.
కంచె ఆయన కొలత ప్రకారం వేసుకున్నాడు,
నా కొలతలో నా టేపు అబద్ధమాడదు.
ఒకప్పుడు వేటగాడు. ఇవే బాతుల్ని
మెడలు గుత్తిగా పట్టుకుని
వీధిలో నడిచివచ్చేవాడు.

ఇప్పుడు మోకాళ్ల మీద ఉన్నాడు, మంచులో,
బోర్లించిన పడవ పక్కన.
మేకుల డబ్బాలోంచి బార్లీ
పడవ కిందికి మెల్లగా తోస్తున్నాడు.
మిగతావి చుట్టూ చేరి ఆయన బూటు లేసులు పీకుతున్నాయి.
కసరడం లేదు.
వంగిన ఆ వీపు చూస్తే తెలుస్తోంది,
ఇది ఇవాళ్టి పని కాదు,
ఈ ఒక్క చలికాలపు పనీ కాదు.

కంచె దాకా వెళ్లాను, దుప్పటి కప్పుకుని.
ఏం అనాలో తెలియక
"పదకొండు," అన్నాను.
తల ఎత్తలేదు.
"పన్నెండు," అన్నాడు.
"ఒకటి పడవ కింద. రెక్క విరిగింది. ఎగరదు.
నీ వైపు ఎప్పుడూ రాలేదు."
డబ్బా మూత నొక్కి మూసి
లోపలికి వెళ్లిపోయాడు.

అంతే. చేతులు కలుపుకోలేదు.
జానెడు నేల జానెడుగానే ఉంది.

కానీ నిన్న మంచు కురిసి
కంచె కింద సందు పూడిపోతే
ఇటునుంచి నేను పార తీసుకుని వెళ్లాను.
అప్పటికే సగం తవ్వి ఉంది,
అటునుంచి.